తగరం మనిషి కోసం లేచి నిలబడ్డ హాలు

తెలుగు సినిమా ఏది బతకాలో ఏది చావాలో హైదరాబాదు నిర్ణయిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మెల్‌బోర్న్ పడమటి శివారులో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే టార్నీట్‌కి కాస్త ఇవతల ఉన్న మల్టీప్లెక్సులో, పాప్‌కార్న్ కౌంటరు పక్కన మైకు పట్టుకుని నిలబడే నేను నిర్ణయిస్తాను. సూర్యుడు మా మీదుగా వెళ్ళాకే మీ దగ్గరికి వస్తాడు. సినిమా కూడా అంతే. గురువారం అర్వో షో, అదే మా మ్యాట్నీ, ఇక్కడ వదిలేసరికి విజయవాడలో జనం మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తుంటారు. వాళ్ళు లేచి, ముఖం కడుక్కుని, బెనిఫిట్ షోకి టికెట్లు వెతుక్కునేలోగా మా పబ్లిక్ టాక్ వాళ్ళ ఫోన్లలో ఉంటుంది. ఒకసారి నేను ఒక సినిమాకి తల అడ్డంగా ఊపితే నిర్మాత భయపడి పూతరేకుల పెట్టె పంపించాడు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కుక్క ఆ నెయ్యి వాసనకి ఉద్యోగం వదిలేసి పెట్టె వెనకాలే మా ఇంటికి వచ్చేసింది. ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉంటుంది, పండక్కి అరిసెలు తింటుంది.

నేనిక్కడికి వచ్చింది అకౌంటింగ్ చదవడానికి. మూడో సెమిస్టర్లో, యూనికి, అంటే యూనివర్సిటీకి, నేను నేర్పగలిగింది అయిపోయిందని అర్థమై బయటికి వచ్చేశాను. మామూలు రోజుల్లో ఫుడ్ డెలివరీ, సినిమా రోజున మైకు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా మాట మీద జనానికి ఎంత గురి ఉందో మీకు తెలియాలి. పోయినేడు ఒక బార్బీలో, అంటే పెరట్లో పొయ్యి పెట్టి కాల్చుకు తినే విందులో, గీలాంగ్ ఫ్రీవే మీద కంగారూ ఒకటి నా కారు ఆపి లిఫ్ట్ అడిగిందని చెప్పాను. ఏ ఎగ్జిట్ దగ్గర అని అడిగారు కొందరు. సీటు బెల్టు పెట్టావా దానికి, అంది ఒకావిడ. అదే బార్బీలో, అదే పొయ్యి పక్కన నిలబడి, దాసు అంకుల్ ఒక నిజం చెప్పారు. ఒక్కరూ నమ్మలేదు.

ఆయన చెప్పిన నిజం ఇది. ‘లోహపుత్రుడు’ సినిమాలో మర మనిషి లోపల ఉన్నది ఆయనే.

‘లోహపుత్రుడు’ ఏమిటని అడిగే కుర్రకారు ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మద్రాసులో తీసిన పాత సైన్సు సినిమా. లెక్కల మేష్టారొకాయన పశువుల పాకలో తగరం రేకులతో మర మనిషిని తయారు చేస్తాడు. కళ్ళకి స్కూటరు లైట్లు, పొట్టకి కిరసనాయిలు డబ్బా. ఊరంతా దాన్ని చూసి నవ్వుతుంది. వరదొచ్చినప్పుడు అదే ఊరిని కాపాడి, నీళ్ళలో నాని, తుప్పు పట్టి చచ్చిపోతుంది. చివర్లో ఎడమ కాలు ఈడ్చుకుంటూ కరకట్ట మీద ఒక్కటే నడిచిపోతుంది చూడండి, ఆ నడకకి ఏడవని ఇల్లు లేదు. మా అమ్మ ఏడ్చిన ఏడుపుకి ఆ వేసవిలో మా వీధి బావి ఊరింది.

మర మనిషి సినిమా మొత్తంలో తల తీయదు. టైటిల్స్‌లో ‘మర మనిషి పాత్రలో: మర మనిషి’ అని వేశారు, పిల్లలు నిజమనుకోవాలని. అందుకని లోపల ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఆ సర్కస్ మనిషని ఒకరు, ఈ ఫైటరని ఒకరు అనుకునేవాళ్ళు. దాసు అంకుల్ కథ ప్రకారం, రేకుల్లోకి దూరాల్సిన ఫైటర్ మే నెల ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాడు. సెట్లో టీ గ్లాసులు అందించే బక్క కుర్రాడిని పట్టుకుని లోపలికి తోసి బోల్టులు బిగించారు. అదే ఈయన. ఎడమ బూటు పెద్దదైపోయి ఊడిపోతుంటే కొబ్బరి తాడుతో కట్టారు. అయినా జారుతుంటే కాలు ఈడ్చాడు. రేకు కోసుకుని మడమ దగ్గర నరమేదో దెబ్బతింది. ఆ ఈడ్పు తరవాత కూడా పోలేదు. డైరెక్టరు మాత్రం నడక అద్భుతం అన్నాట్ట.

ఆ తరవాత ఆయనకి సినిమాల్లో మళ్ళీ టీ గ్లాసులే. తెనాలి వెళ్ళిపోయి రైసు మిల్లులో కుదిరారు. నర్సు చదివిన సుగుణ ఆంటీని చేసుకున్నారు. ఆంటీకి ఇక్కడ ఏజ్డ్ కేర్‌లో, అంటే ముసలివాళ్ళని చూసుకునే హోంలో, ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చారు. ఇప్పుడాయన పని టార్నీట్‌లో ఒక ప్రైమరీ స్కూలు ముందు, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు మెరిసే కోటు వేసుకుని, ఎర్ర ‘స్టాప్’ పలక పట్టుకుని కార్లు ఆపడం. కాలు ఈడ్చుకుంటూ రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడతారు.

మనవాళ్ళు ఊరుకుంటారా.

“ఏమయ్యా దాసూ, మంచు పడుతోంది, కీళ్ళకి ఆయిల్ పోయించావా?” అనేవారు దీక్షిత్ గారు. ఆయన గుండె డాక్టరు, ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆయన జోకు వేస్తే నవ్వకపోవడం మర్యాద కాదు, రేపు ఎవరి గుండె ఎలా ఉంటుందో తెలియదు కదా.

“ఆయిలెందుకు డాక్టరు గారూ, అలవాటే,” అని దాసు అంకుల్ కూడా నవ్వేవారు. నవ్వి, మళ్ళీ మొదలుపెట్టేవారు. “ఆ తాడు ఉంది చూశారూ, కొబ్బరి తాడు…”

“అంకుల్, ఈసారి తాడు నైలాన్ అని చెప్పండి, వెరైటీగా ఉంటుంది,” అనేవాడు వంశీధర్. వాడు సాఫ్ట్‌వేరు, ప్రతి సినిమాకీ మొదటి ఆటే చూస్తాడు.

నమ్మకపోతే పోయింది, చెప్పడం మానేయొచ్చుగా. మానరు. రోడ్డు మధ్యలో ప్రతిరోజూ అన్ని కార్లు ఆయన కోసం ఆగుతాయి, ఒక్క మనిషి కూడా ఆయన మాట కోసం ఆగడు. ఆయనకి కావలసింది ఒక్కటే. ఆ రేకుల్లో ఉన్నది నువ్వేనయ్యా అని నలుగురిలో ఒకరు అనాలి.

ఆ ఉగాదికి సంఘంలో ఆయనకి సన్మానం జరిగింది. జరిగిందంటే, డాన్సు పిల్లలు బట్టలు మార్చుకునేదాకా స్టేజి ఖాళీగా ఉంది, దాన్ని ఏదో ఒకదానితో నింపాలి. “దాసుని పిలుద్దాం, జనం కాసేపు నవ్వుకుంటారు,” అన్నారు దీక్షిత్ గారు. అప్పటికప్పుడు ‘తగర భూషణ’ అని బిరుదు పుట్టింది. సెక్రటరీ కాత్యాయని ఆంటీ భుజం మీద కప్పుకున్న శాలువానే తీసి ఇచ్చారు. దండ లేదు. మెల్‌బోర్న్‌లో ఆదివారం పూట నిలబడిన పళాన పూలదండ ఎక్కడ దొరుకుతుంది? కాత్యాయని ఆంటీ హాలు మూలకి వెళ్ళారు. సంఘం స్థాపించి కాలం చేసిన పెద్దాయన పటం అక్కడ గోడకి ఉంటుంది. ఆ పటానికి ఉన్న గంధపు చెక్కపొరల దండ తీసి, దుమ్ము దులిపి తెచ్చారు.

ముందు వరుసలన్నీ చూశాయి. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాయి. దాసు అంకుల్ చూడలేదు, ఆయన కళ్ళు మూసుకుని తల వంచి ఉన్నారు. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మెడలో ఆ దండ, వెనకాల వెలుగుతున్న దీపపు సెమ్మె. వంశీధర్ ఫొటో తీశాడు. భోజనాలు మొదలవక ముందే దండ పెద్దాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఫొటో మాత్రం దాసు అంకుల్ ఫోనులో ఉండిపోయింది.

సరిగ్గా ఆ ఏడే ‘లోహపుత్రుడు’ మళ్ళీ తీస్తున్నారని వార్త. పెద్ద హీరో, పెద్ద గ్రాఫిక్సు. పాత మర మనిషి లోపల ఉన్న నటుడెవరో తెలిస్తే చెప్పండని సినిమావాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఊరికొకడు నేనేనంటూ లేచాడు. మర మనిషి ఏ కాలు ఎందుకు ఈడ్చిందో చెప్పమని అడిగాడట అసోసియేట్ డైరెక్టరు కార్తీక్. దాసు అంకుల్ కొబ్బరి తాడు సంగతి చెప్పారు. అప్పటి కెమెరా అసిస్టెంటు ముసలాయన బతికే ఉన్నాడు, ఆయనా తాడే అన్నాడు.

“సర్, సినిమా చివర మీ పేరు మీద స్పెషల్ కార్డు వేస్తాం. మంచి ఫొటో ఒకటి పంపండి,” అన్నాడు కార్తీక్.

ఆ రోజు దాసు అంకుల్ ఇంటికి బిర్యానీ డెలివరీ నాదే. గుమ్మంలోనే వినపడింది.

“పాస్‌పోర్టు ఫొటో పంపండి, మొహం శుభ్రంగా ఉంటుంది,” అంటోంది సుగుణ ఆంటీ. ఉగాదినాడు ఆవిడకి డ్యూటీ, సభకి రాలేదు. “ఈ దండేమిటండీ, పటానికి వేసినట్టుంది.”

“నీకు తెలీదు సుగుణా. ఉత్త మొహం పంపితే ఎవడో అనుకుంటారు. దండ ఉంటే ఇక్కడ మనకి గౌరవం ఉందని తెలుస్తుంది.”

“నాకెందుకో బాగాలేదు.”

“ఇదిగో, ఈ అబ్బాయిని అడుగు. ఏం నాయనా, ఏది బాగుంది?”

నేను రెండూ చూశాను. “దండే అంకుల్. మీ లైఫ్‌లో ఇంతకంటే మంచి ఫొటో ఇంక పడదు,” అన్నాను. బిర్యానీ సంచి అందించి వచ్చేశాను.

కార్డు సంగతి వారం తిరక్కుండా టార్నీట్ అంతా పాకింది. ఆయనే పాకించారు. ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటున్న దీక్షిత్ గారిని పట్టుకుని చెప్పారు.

“నీ పేరా? తెర మీదా?” దీక్షిత్ గారు బుట్ట కింద పెట్టారు. “ఇదిగో అందరూ వినండి. దాసు పేరు పడితే, అదే హాల్లో లేచి నిలబడి దణ్ణం పెడతాను. పడకపోతే, దాసూ, ఆ రేకుల కథ ఇంక జన్మలో ఎత్తకూడదు.”

“మాట తప్పరు కదా?”

“నా నోట అబద్ధం విన్నావా ఎప్పుడైనా? అది నీ డిపార్ట్‌మెంటు.”

షాపంతా నవ్వింది. దాసు అంకుల్ చెయ్యి చాపారు, డాక్టరు గారు కరివేపాకు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని కలిపారు.

జూలైలో ఒక గురువారం, మా దగ్గర సినిమా విడుదల. చలికి పళ్ళు టకటకలాడుతున్నా కారు పార్కింగులో హీరో బ్యానరుకి కొబ్బరికాయ కొట్టారు. ఆఫీసుల్లో సగం టార్నీట్‌కి ఆ రోజు జ్వరం, సిక్కీ కొట్టి, అంటే దొంగ సిక్ లీవు పెట్టి, అందరూ ఇక్కడే. దాసు అంకుల్ సూటు వేసుకుని వచ్చారు. పక్కన సుగుణ ఆంటీ, పట్టుచీర మీద ఊలు స్వెటరు. ఆయన వరసవరసకీ వెళ్ళి అందరితో ఒకటే చెప్పారు: “అయిపోగానే లేచిపోకండమ్మా. చివరిదాకా ఉండండి, కార్డు ఉంది.”

సినిమా గురించి అబద్ధం ఎందుకు, మొదటి సగం బాగానే నడిచింది. కొత్త మర మనిషికి సిక్స్‌ప్యాక్ ఉంది. విదేశాల్లో పాట ఉంది, పాటలో హీరోకంటే అదే బాగా ఎగిరింది. పాకకి బదులు అద్దాల ల్యాబు. మేష్టారికి బదులు మోటారు సైకిలు మీద వచ్చే కుర్ర సైంటిస్టు. కరకట్ట మీద నడక వచ్చింది, కానీ కొత్తది వాన నీళ్ళ మీద స్కేటింగ్ చేసినట్టు జర్రున జారిపోయింది. హాలంతా ఈలలు. నా ముందు వరుసలో దాసు అంకుల్ మెల్లిగా ఆంటీతో అనడం వినపడింది, “కాలు ఈడ్చలేదే.”

“నయం,” అంది ఆంటీ.

ఇంటర్వెల్‌లో మైకు తీశాను. మా దగ్గర ఇంటర్వెల్ టాక్ వేరే, చివరి టాక్ వేరే. ఇంటర్వెల్‌ది లైవ్.

“గ్రాఫిక్స్ వేరే లెవెల్. పాతది నేను చూళ్ళేదుగానీ దానికంటే చాలా బాగుంది,” అన్నాడు వంశీధర్.

“పాతది క్లాసిక్. దాన్ని ముట్టుకోకూడదు,” అంది సృజన, యూనిలో చదువుతున్న అమ్మాయి.

“నువ్వు చూశావా?” అన్నాను.

“నేనూ చూళ్ళేదు.”

మా సంఘంలో వైశాలి గారి కూతురు, ఇక్కడే పుట్టిన రుచితకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. “ద ఓల్డ్ వన్ వాజ్ జస్ట్ సమ్ గై ఇన్ ఎ బిన్,” అంది. అంటే పాతది చెత్తడబ్బాలో దూరిన మనిషట. ఆ చెత్తడబ్బా మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. మైకు ఆయన ముందు పెట్టాను.

“బాగుంది,” అన్నారు దాసు అంకుల్. “నడక కొంచెం… బాగుంది. నాటి మర మనిషిని నేనే. తెనాలివాళ్ళు, గుంటూరువాళ్ళు అందరూ చూడండి. చివర్లో లేవకండి.”

రెండో సగంలో కమెడియన్ వచ్చాడు. ల్యాబులో మూలపడిన పాత మోడల్ మర మనిషి వేషం వాడిది. తగరం రేకులు, స్కూటరు లైట్లు, తాడుతో కట్టిన బూటు. అది కాలు ఈడ్చుకుంటూ బాత్రూమ్ ఎక్కడా అని వెతుకుతూ అద్దాలన్నీ పగలగొడుతుంది. హీరో దాన్ని తన్ని పాత సామాన్ల లారీ ఎక్కిస్తాడు. ఈడ్చిన ప్రతి అడుగుకీ హాలు ఊగిపోయింది. ముందు వరుసలవాళ్ళు నవ్వి నవ్వి, వెనక్కి తిరిగి దాసు అంకుల్‌ని చూసి, మళ్ళీ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. మనం చెప్పిన తాడు కదా, పెట్టుకున్నారు, అని ఆంటీ చెవిలో చెప్పారు.

వరద వచ్చింది, పోయింది. హీరో బతికాడు, మర మనిషీ బతికింది, రెండో భాగం తీయాలి కదా. తెర నల్లబడింది. జనం లేవబోతుంటే దాసు అంకుల్ లేచి రెండు చేతులూ అడ్డం పెట్టారు, రోడ్డు మీద కార్లు ఆపినట్టు. “ఒక్క నిమిషం. ఒక్క నిమిషమమ్మా.”

కార్డు పడింది.

తెర నిండా ఆయన. కళ్ళు మూసుకుని, బొట్టుతో, గంధపు దండతో. పక్కన గ్రాఫిక్సులో చేసిన ఒత్తి దీపం రెపరెపలాడుతోంది. కింద పెద్ద అక్షరాలు: ‘నాటి లోహపుత్రుడు, స్వర్గీయ దాసు గారికి మా కన్నీటి నివాళి.’

లేవబోయిన హాలు మళ్ళీ కూర్చుంది. రుచిత పైకే అంది, “బట్ అంకుల్ ఈజ్ రైట్ దేర్.”

అంతే. వెనక వరుసలో మొదలై, ముందుకొచ్చి, గోడల్ని కొట్టింది నవ్వు. వంశీధర్ సీటు మీంచి జారి కింద కూర్చున్నాడు. కాత్యాయని ఆంటీ దండని గుర్తుపట్టి, “అయ్యో నా తల్లీ, అది మన పెద్దాయనది,” అని కొంగు నోట్లో కుక్కుకున్నారు. అప్పుడు దీక్షిత్ గారు లేచారు. చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టారు.

“నేను మాట తప్పను,” అన్నారు. తెర వైపు తిరిగి చేతులు జోడించారు. తెర వైపే, మనిషి వైపు కాదు. “మన దాసు ఆత్మకి శాంతి కలగాలని అందరూ దయచేసి లేచి రెండు నిమిషాలు మౌనం పాటించండి.”

హాలంతా లేచి నిలబడింది. బుగ్గలు పూరించుకుని, ఊపిరి బిగబట్టి, ఒకళ్ళ భుజం ఒకళ్ళు గిల్లుకుంటూ. నేనూ నిలబడ్డాను. అందరూ లేచారని దాసు అంకుల్ కూడా చేతులు కట్టుకుని, తల వంచుకుని తిన్నగా నిలబడ్డారు. కూర్చుని ఉన్నది సుగుణ ఆంటీ ఒక్కతే.

ఆ మౌనంలోనే ఫోను తీసి పోస్టు పెట్టాను. ‘దాసు గారి కార్డు పడగానే ఆస్ట్రేలియాలో హాలంతా లేచి నిలబడింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.’ ఫొటో కూడా పెట్టాను, వెనకనుంచి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను అలాంటిది రాయడం అరుదు.

బయట పాప్‌కార్న్ కౌంటరు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. చుట్టూ జనం మూగారు.

“అంకుల్, పోయినవాళ్ళ టాక్ ఇంతవరకూ ఏ ఛానెల్లోనూ రాలేదు. పైన థియేటర్లు ఎలా ఉన్నాయి?”

“రంభకి డేట్లు ఉన్నాయా అడుగు,” అన్నాడు వంశీధర్.

“రేపు రోడ్డు దాటించడానికి ఎవరొస్తారు, మీరా, మీ దయ్యమా?” అన్నారు ఇంకొకరు.

ఆయన దీక్షిత్ గారి కోసం వెతికారు. కనపడగానే చొక్కా చెయ్యి పట్టుకున్నారు. “చూశారా డాక్టరు గారూ. నేనే.”

“చూశానయ్యా. నమ్మాను. ఇన్నాళ్ళూ నమ్మనందుకు క్షమించు,” అన్నారు దీక్షిత్ గారు, ఆయన మణికట్టు పట్టుకుని. నాడి చూసినట్టు చూసి తల అడ్డంగా ఊపారు. “కానీ కేసు మన చేతులు దాటిపోయింది.”

ఆ నవ్వులో కూడా దాసు అంకుల్ మొహం వెలుగుతూనే ఉంది. నమ్మాను అన్న మాట ఒక్కటే ఆయన చెవిలో పడ్డట్టుంది.

సుగుణ ఆంటీ జనాన్ని తోసుకుని వచ్చింది. “కార్తీక్‌కి ఫోన్ చేయండి. తెల్లారితే అక్కడ ఆట పడుతుంది. మా వాళ్ళు, మీ వాళ్ళు అందరూ చూస్తారు. ఆ ముక్క తీసేయమనండి.”

ఆయన స్పీకరులో పెట్టారు. మేమందరం దగ్గరికి జరిగాం.

“సర్, మీరు… మాట్లాడుతున్నారు,” అన్నాడు కార్తీక్.

“మాట్లాడుతున్నాను బాబూ. బతికే ఉన్నాను.”

కార్తీక్ గొంతు తగ్గించాడు. “ఫొటో ఒక్కటే గ్రాఫిక్స్ కుర్రాడికి పంపామండీ. దండ ఉంది, బొట్టు ఉంది, దీపం ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి. వాడు ఇంకేమనుకుంటాడు. మేం కూడా చూసి, అయ్యో ఈమధ్యే పోయారేమో అనుకున్నాం. ఇంట్లో వాళ్ళని కదపడం ఎందుకని…” ఒక్క నిమిషం ఉండమని ఎవరితోనో మాట్లాడి మళ్ళీ వచ్చాడు. “సర్, సినిమా అన్ని హాళ్ళకీ వెళ్ళిపోయింది. ఒక్క మాట మార్చడం ఇప్పుడు కుదరదు. కావాలంటే కార్డు మొత్తం ఆపేయించగలం. మీ పేరు, ఫొటో ఏదీ ఉండదు. ఉంచితే ఇలాగే ఉంచాలి.”

“ఆపేయండి,” అంది ఆంటీ.

“మేడమ్, సరే. కాకపోతే సర్, మీ దగ్గర టాక్ ఇప్పుడే చూశాం. మీ కార్డుకి హాలంతా లేచి నిలబడ్డారట కదా. డైరెక్టరు గారు ఆ ఫొటో చూసి ఏడ్చేశారు. సినిమా మొత్తానికి అదే హైలైట్ అంటున్నారు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూసి బొటనవేళ్ళు ఎత్తారు. దాసు అంకుల్ మమ్మల్ని కాదు, ఫోనునే చూస్తున్నారు.

“ఏడ్చారా?”

“ఏడ్చారండీ.”

“ఉంచండి,” అన్నారు దాసు అంకుల్.

“ఏమండీ,” అంది ఆంటీ.

“సర్, మరి ఉంచితే ఒక చిన్న రిక్వెస్టు. మీరు ఇంక ఎక్కడా మాట్లాడకూడదు. అది నేనేనని ఎవరితో అన్నా మా పరువు పోతుంది, ఆ కార్డు తీసేయాల్సి వస్తుంది.”

“అనను,” అన్నారు.

ఫోను పెట్టేశాక సుగుణ ఆంటీ స్వెటరు బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకుంది. “నా చేతుల మీదుగా ఎంతమందో పోయారు,” అంది. “ఊపిరాడని వాళ్ళు కూడా ఇంకొక్క రోజు బతికించమని చెయ్యి పట్టుకునేవాళ్ళు. పోయినవాడిగానే ఉంచండి అన్నవాడిని ఇప్పుడే చూడ్డం.” కారు తాళాలు ఆయన జేబులోంచి తీసుకుని పార్కింగులోకి వెళ్ళిపోయింది. ఆయన కాలు ఈడ్చుకుంటూ వెనక నడిచారు. ఎవరో నోటితో రేకుల చప్పుడు చేశారు, అడుగు అడుగుకీ.

తరవాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. ఆస్ట్రేలియాలో లేచారని విజయవాడలో లేచారు. విజయవాడలో లేచారని వరంగల్‌లో లేచారు. రాజమండ్రిలో తెరకి హారతి ఇస్తే కర్టెన్ అంటుకుందట, నివాళి ఆగలేదట, ఆ వెలుగులోనే పాడారట. తెనాలిలో ఆయన అక్క లీల గారికి మాత్రం ఆంటీ ముందే ఫోను చేసి చెప్పింది. ఆవిడ ఆటకి వెళ్ళలేదు, గుమ్మం దగ్గర పలకరింపులకి వచ్చినవాళ్ళకి కాఫీలు ఇవ్వలేక తలుపు వేసుకుంది. నా పోస్టు ఎన్ని లక్షలమంది చూశారో చెబితే గొప్పలంటారు. ఇంటర్వెల్ వీడియో తీసేయమని కార్తీక్ అడిగితే తీసేశాను. పాప్‌కార్న్ కౌంటరు దగ్గర తీసింది ఫోనులోనే ఉంది. పెట్టొచ్చు. కానీ సంతాపం బాగా నడుస్తోంది, మధ్యలో కామెడీ ఎందుకు.

బార్బీలకి ఆయన్ని ఇప్పటికీ పిలుస్తాం. పొయ్యి దగ్గర నిలబడి ఆయన నోరు తెరిస్తే చాలు, వంశీధర్ పెదాల మీద వేలు పెట్టి, “ష్… పోయినవాళ్ళు మాట్లాడకూడదు,” అంటాడు. నిజానికి ఆయన ఆ కథ ఎత్తడం లేదు. ఉల్లిపాయలు తిప్పుతూ ఉంటారు. దీక్షిత్ గారే ఒకసారి విసుగొచ్చి, “ఏమయ్యా, ఆ తాడు సంగతి చెప్పవా, ఊసుపోవడం లేదు,” అన్నారు. “ఏ తాడండీ?” అన్నారు దాసు అంకుల్. సుగుణ ఆంటీ రావడం మానేసింది. ఇంట్లో ఉప్పు తక్కువైందని ఈయన అంటే, “స్వర్గంలో తినే వస్తున్నారుగా,” అంటుందట. ఆయనే చెప్పి నవ్వారు.

మొన్న మధ్యాహ్నం ఆ స్కూలు వైపు డెలివరీ పడింది. పిల్లల్ని వదిలే సమయం. దాసు అంకుల్ ఎర్ర పలక పట్టుకుని రోడ్డు మధ్యలో ఉన్నారు, మొదటి కారు నాది. అద్దం దించే ఉంది. పిల్లాడి చెయ్యి పట్టుకుని దాటుతోంది ఒకావిడ, గీతిక అని, గుంటూరు నుంచి కొత్తగా వచ్చారు. ఈయన తెలుగువాడని తెలిసి ఆగింది.

“‘లోహపుత్రుడు’ చూశారా అంకుల్? చివర్లో ఆ పాత నటుడి ఫొటో వేశారు చూడండి, పాపం పోయారట. మేం అక్కడే చూసి వచ్చాం. మా హాల్లో ఆడవాళ్ళందరూ ఒకటే ఏడుపు.”

ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూనే చెబుతోంది. ఆ టోపీ కింద, ఆ మెరుపు కోటులో, తెరిచిన కళ్ళతో ఉన్న మనిషిని ఎక్కడా పోల్చుకోలేదు.

“అవునా అమ్మా,” అన్నారు. “లేచి నిలబడ్డారా?”

“నిలబడ్డామండీ.”

“అందరూ?”

“అందరూ. క్యాంటీన్ కుర్రాళ్ళు కూడా లోపలికొచ్చి నిలబడ్డారు.”

“ఏడ్చిందెవరు? నువ్వు ఏడ్చావా?”

“ఏడ్చానండీ.”

“ఎలా?”

ఆవిడ పిల్లాడిని దగ్గరికి లాక్కుంది. పిల్లలందరూ దాటేశారు. పలక మాత్రం దిగలేదు. నా వెనక కార్లు మలుపుదాకా నిలిచిపోయాయి. నా సీట్లో ఎవరిదో పప్పుచారు చల్లారిపోతోంది. హారన్ కొట్టాను. వెనకవాళ్ళందరూ అందుకున్నారు. ఆయన ఉలిక్కిపడి, పలక దించి, కాలు ఈడ్చుకుంటూ ఫుట్‌పాత్ వైపు కదిలారు.

“అంకుల్, కాలికేమైంది?” అని వెనకనుంచి అడిగింది గీతిక.

“ఏం లేదమ్మా,” అన్నారు. “బూటు వదులు.”